ఇంటి గుట్టు, మనిషి గుట్టు

"తలుపేసుకుని ఏం చేస్తున్నావురా లోపల?"

తెలుగిళ్లలో పెరిగినవాళ్లు ఈ ప్రశ్న వినే ఉంటారు. మా అమ్మమ్మగారింట్లో పగటిపూట గది తలుపు వేసి ఉందంటే ఎవరో చీర మార్చుకుంటున్నట్టు, లేదా ఎవరికో ఒంట్లో బాగోలేనట్టు. ఊరికే ఒక్కడినే కాసేపు కూర్చుందామని తలుపు వేసుకోవడం ఆ ఇంటి లెక్కలో లేదు. అదే ఇంట్లో వీధి తలుపు దగ్గర మాత్రం పట్టింపు అంతా ఇంతా కాదు. అప్పుల మాట, పెళ్లి సంబంధాల మాట, అత్తాకోడళ్ల మాట గుమ్మం దాటకూడదు. అరుగు మీద ఎవరైనా వచ్చి కూర్చున్నారంటే అమ్మమ్మ గొంతు దానంతటదే తగ్గిపోయేది.

వీధి తలుపుకున్న విలువ గది తలుపుకు లేకపోవడం మా ఒక్క ఇంటి సంగతి కాదు. సొంత ఇంట్లో గోప్యత, స్వేచ్ఛ అన్న విషయంలో మన చట్టాలూ కోర్టులూ నూటయాభై ఏళ్లుగా పడుతున్న తికమకంతా ఈ రెండు తలుపుల మధ్యే ఉంది.

గోప్యత అనేది పేపర్లలో మాట. ఇళ్లలో అనే మాట గుట్టు. గుట్టు ఇంటిదే గాని మనిషిది కాదు. "ఆ పిల్ల గుట్టుగా కాపురం చేసుకుంటోంది" అంటే ఆమెకు కాస్త ఏకాంతం దొరికిందని కాదు, లోపల ఏం జరిగినా బయట చెప్పుకోదని. "ఇంటి గుట్టు లంకకు చేటు" అనే సామెతలో నింద మొత్తం గుట్టు చెప్పినవాడి మీదే. లంకకు చేటు తెచ్చిన అసలు పని ఎవరు చేశారో ఆ సామెత ఎత్తదు. రచ్చ అంటే నిజానికి ఊళ్లో నలుగురూ చేరే చోటు, అయినా "రచ్చకెక్కింది" అన్నది మనకు తిట్టు. అంటే ఇల్లు వేరు, రచ్చ వేరు అన్న తెలివిడి మనకు ఎప్పటినుంచో ఉంది. ఇంటి లోపల మళ్లీ ఒక్కో మనిషి చుట్టూ ఒక గీత ఉంటుందన్నదే కొత్త సంగతి. చట్టం కూడా ముందు ఇంటినే కాపాడింది. ఇంట్లో ఉన్న మనిషి దాని కంటికి ఆనడానికి చాలా కాలం పట్టింది.

కిటికీ తగాదాలు

మన దేశంలో గోప్యత మీద పాత కేసులు చూస్తే అవి చాలావరకు కిటికీల తగాదాలు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (పొరుగువాడి ఆస్తి మీద మనకుండే హక్కుల చట్టం) 18వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది: ఫలానా పట్నంలో, పొరుగింటి గోప్యతకు బాగా భంగం కలిగేలా ఎవరూ కొత్త కిటికీ పెట్టకూడదన్న ఆచారం ఉంటే, ఆ ఆచారానికి కట్టుబడాల్సిందే. ఆ తర్వాత ఆరేళ్లకు, 1888లో, అలహాబాద్ హైకోర్టుకు ఇలాంటి కేసే వచ్చింది. పక్కింటివాళ్లు కొత్తగా కట్టిన వరండాలోంచి మా ఇంట్లో ఆడవాళ్లు ఉండే భాగం కనిపిస్తోందని ఫిర్యాదు. కోర్టు ఆ హక్కు ఉందని ఒప్పుకుంది. మద్రాసు, కలకత్తా కోర్టులు మాత్రం ఆచారం రుజువు కాకుండా దీన్ని అంత సులువుగా ఒప్పుకోలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు కిందే కాబట్టి మనవాళ్లు పొరుగువాడి కిటికీకి ఎదురుగా గోడ లేపుకోవడమే దారి అయి ఉంటుంది. ఆ పద్ధతి ఇప్పటికీ పోలేదు.

1860లో రాసిన శిక్షాస్మృతిలోనూ గోప్యత అనే మాట కనిపిస్తుంది, 509వ సెక్షన్‌లో, స్త్రీ ఏకాంతంలోకి చొరబడటం నేరమంటూ. పోలీసులు అరెస్టుకో సోదాకో వచ్చినప్పుడు, ఆచారం ప్రకారం బయటివాళ్లకు కనపడని స్త్రీ ఏ గదిలోనైనా ఉంటే, ఆమె తప్పుకోవడానికి ముందుగా చెప్పి వీలు కల్పించాలని క్రిమినల్ ప్రొసీజర్ చట్టం చెప్పింది. ఆ నియమం పోలేదు. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ అలాగే ఉంది.

ఇదంతా చూస్తే ఆడవాళ్ల గోప్యతకు భలే విలువ ఇచ్చారే అనిపిస్తుంది. కాస్త ఆగి ఆ మాటలు మళ్లీ చదవాలి. "ఆచారం ప్రకారం బయటికి రాని" స్త్రీ. పొద్దున్నే నాట్లకు వెళ్లే ఆడమనిషి ఈ లెక్కలోకి రాదు. ఆమె గుడిసెకు ఆ మర్యాద రాసి పెట్టలేదు. చట్టం కాపాడింది ఘోషాను, అంటే ఇంటి పరువును. గదిలో ఉన్న ఆమెకు తన ఇంటివాళ్ల దగ్గరే ఏకాంతం ఉందా లేదా అన్న ప్రశ్న అప్పటికి పుట్టనే లేదు.

రాత్రిపూట తలుపు తట్టేవాళ్లు

రాజ్యాంగం రాసేటప్పుడు ఇంటి సోదాల మీద హద్దులు పెట్టాలని గట్టిగానే అనుకున్నారు. మనుషులు, ఇళ్లు, కాగితాలు, వస్తువుల జోలికి అకారణ సోదాలు రాకూడదని 1947లో అంబేద్కర్ ఇచ్చిన పత్రంలో ఉంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ దీనికి ఎదురు చెప్పినవాళ్లలో ఒకరు. ఇలాంటివి ప్రాథమిక హక్కులైతే నేరాల దర్యాప్తు కష్టమవుతుందన్నది ఆయన భయం. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ మళ్లీ సవరణ తెచ్చారు. అంబేద్కర్ సరేనన్నారు. అయినా అది నెగ్గలేదు. స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏడాదికే, దేశమంతా అల్లకల్లోలంగా ఉన్న రోజుల్లో, పోలీసు చేతులు కట్టేసే మాటకు సభలో ఊపు రాకపోవడం ఆశ్చర్యమేమీ కాదు. ఆ ఖాళీని పట్టుకునే 1954లో ఎం.పి. శర్మ కేసులో 8 మంది జడ్జీల ధర్మాసనం, అమెరికాలో ఉన్నట్టు సోదాల నుంచి కాపాడే గోప్యత హక్కు మన రాజ్యాంగంలో లేదని చెప్పేసింది.

తర్వాత వచ్చిందే ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈయన మీద 1941లో దోపిడీ కేసు పెట్టారు, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారు గాని పోలీసులు ఆయన పేరు మీద ఒక షీట్ తెరిచారు. మన దగ్గర రౌడీషీట్ అంటామే, ఆ కుటుంబానికి చెందినదే. ఇక అప్పటినుంచి రాత్రిళ్లు కానిస్టేబుళ్లో చౌకీదారో వచ్చి తలుపు బాదడం, కేకలేసి నిద్ర లేపడం. ఇంటి చుట్టూ నిఘా సరేసరి.

1962 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. ఆరుగురు జడ్జీలూ రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదన్నారు. నలుగురు మాత్రం, మిగతా నిఘాకు అడ్డు లేదు, గోప్యత అనేది రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు అన్నారు. అది కుదరదన్న ఇద్దరిలో మాట రాసినది కోకా సుబ్బారావు. రాజమండ్రిలో పుట్టి, 1954లో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయి, తర్వాత సుప్రీంకోర్టు పీఠం ఎక్కినాయన. పోలీసు చూపు వెంట పడుతుంటే నడిచేది స్వేచ్ఛగా నడవడం ఎలా అవుతుంది, అలాంటివాడికి దేశం మొత్తం జైలే కదా అని అడిగారు. మనిషి సుఖానికీ ఆరోగ్యానికీ, పనిగట్టుకుని అతని ఏకాంతంలో వేలుపెట్టడాన్ని మించిన చేటు లేదన్నారు. గోప్యత అనే మాట రాజ్యాంగంలో కనపడకపోయినా, వ్యక్తి స్వేచ్ఛ అన్నదానిలోనే అది ఇమిడి ఉందన్నది ఆయన వాదం.

ఆ మైనారిటీ మాటే చివరికి నిలిచింది. దాదాపు 55 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, ఆధార్‌ను సవాలు చేసిన పుట్టస్వామి కేసులో 9 మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఖరక్ సింగ్ తీర్పులో మెజారిటీ చెప్పింది తప్పు, సుబ్బారావు చెప్పింది ఒప్పు అన్నారు. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది.

సరే, ఇప్పుడు పోలీసులు తలుపు తడితే? వారంటు చూపిస్తే లోపలికి రానివ్వాలి. వారంటు లేకుండానూ దర్యాప్తు అధికారి రావచ్చు, కాని ఎందుకు రావాల్సి వచ్చిందో ముందే రాసి పెట్టుకోవాలి, ఆ కాగితాల నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు పెద్దమనుషుల్ని పంచులుగా, అంటే సాక్షులుగా పిలవాలి. సోదా జరుగుతున్నంతసేపూ ఇంటివాళ్లు దగ్గరుండి చూడవచ్చు, పట్టుకెళ్లిన వస్తువుల జాబితా అడిగి తీసుకోవచ్చు. కొత్త చట్టంలో ఇంకోటి చేరింది: సోదా మొత్తాన్ని ఫోన్‌లోనైనా సరే వీడియో తీయాలి.

ఇదంతా కాగితం మీద. హైదరాబాద్‌లోనూ జిల్లాల్లోనూ తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ తిరిగి బండి కాగితాలు, ఆధార్ కార్డులు అడిగే "కార్డన్ సెర్చ్"లు జరుగుతుంటాయి. పేపర్లు వాటిని నిర్బంధ తనిఖీలు అని రాస్తాయి, పేరులోనే ఉంది సంగతి. ఇన్నేళ్లుగా ఆ వార్తలు చదువుతున్నాను, ఎప్పుడూ బస్తీల పేర్లే. కోట్ల రూపాయల విల్లాల కాలనీ పేరు ఒక్కసారి కూడా నా కంటపడలేదు.

గది తలుపు

వీధి తలుపు సంగతి ఇలా నడుస్తుండగా, గది తలుపు దాకా వచ్చిన తీర్పు మన హైకోర్టు నుంచే వచ్చింది. 1983 జులైలో. పెద్దగా ఎవరూ తలచుకోరు గాని, నా దృష్టిలో ఇంటి గోప్యత గురించి మన దేశంలో రాసిన వాటిలో అంత ధైర్యమైన తీర్పు ఇంకోటి లేదు.

హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ప్రకారం భార్యగాని భర్తగాని కారణం లేకుండా విడిగా ఉంటే, రెండోవారు కోర్టుకెళ్లి కాపురానికి రప్పించమని అడగవచ్చు. దాంపత్య హక్కుల పునరుద్ధరణ అని దానికి పెద్ద పేరు. ఊళ్లలో "కాపురానికి రమ్మని కేసేశాడు" అంటారు, అదే. సినిమా నటి సరిత మీద అలాంటి కేసు వచ్చింది. బళ్లో చదువుకునే వయసులో, 1975లో పెళ్లి, ఆ వెంటనే విడిపోవడం, దాదాపు ఐదేళ్ల తర్వాత భర్త కడప కోర్టులో పిటిషన్. అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ముందుకు వచ్చింది.

ఆయన ఆ సెక్షన్‌నే కొట్టేశారు. ఇష్టం లేని మనిషి దగ్గరికి కోర్టు ఉత్తర్వుతో పంపితే జరిగేదేమిటి? తన ఒంటి మీద ఎవరి చెయ్యి పడాలో, తల్లి కావాలో వద్దో తేల్చుకునే హక్కు ఆమె చేతిలోంచి ప్రభుత్వం చేతికి పోతుంది. ఇంతకన్నా గోప్యతకు భంగం ఇంకేముంటుంది? ఇది మొరటు, అనాగరికమైన పరిహారం అన్నారు. దీని పుట్టుక ఇంగ్లండ్ చర్చి కోర్టుల్లో అనీ, ఆ దేశమే 1970లో వదిలేసిందనీ గుర్తుచేశారు. చట్టం భార్యాభర్తలిద్దరికీ ఒకేలా రాసి ఉన్నా, బరువు పడేది ఆడమనిషి మీదేనని కూడా అన్నారు. గర్భం మోసేది ఆమె కదా.

కొద్ది నెలలకే ఢిల్లీ హైకోర్టు సరిగ్గా దీనికి ఎదురు చెప్పింది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడమంటే పింగాణీ సామాన్ల కొట్టులోకి ఆంబోతును తోలినట్టే అంది. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ వైపు మొగ్గింది, కాపురాలు నిలబెట్టడానికి ఆ సెక్షన్ పనికొస్తుందంటూ. సరిత తీర్పు ఒక్క ఏడాదికే చెల్లకుండా పోయింది.

ఇక్కడ గమనించాల్సిన విచిత్రం ఒకటుంది. ఇద్దరు జడ్జీలూ "ఇంట్లో వేలుపెట్టకండి" అనే అన్నారు. ఢిల్లీ జడ్జి ఇంటిని కాపాడారు, అంటే వీధి తలుపు మూసి, లోపల ఎవరు ఎవరి మీద పెత్తనం చేస్తున్నా మాకనవసరం అన్నారు. చౌదరి గది తలుపు దగ్గర నిలబడి, లోపల ఉన్న మనిషి వద్దంటే భర్తయినా కోర్టయినా అక్కడే ఆగాలన్నారు. గోప్యత అన్న మాట ఒక్కటే గాని ఈ ఇద్దరి నోటా దాని అర్థం తలకిందులు. ఎవరైనా "ఇది మా ఇంటి విషయం" అన్నప్పుడు నేను ముందు అడగాలనుకునేది అదే: ఆ మాట అంటున్నది ఎవరు, ఆ ఇంట్లో నోరు విప్పని వాళ్లు ఎవరు?

చౌదరి చూపిన దారికి ఇంకో మూల నుంచి బలం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో స్టాంపుల చట్టానికి ఒక సవరణ తెచ్చి, కలెక్టరు పంపిన ఎవరైనా ఎక్కడికైనా వెళ్లి కాగితాలు తనిఖీ చేసి పట్టుకెళ్లవచ్చని రాసుకుంది. బ్యాంకులో ఖాతాదారుల కాగితాల మీద వచ్చిన ఆ గొడవలో, కెనరా బ్యాంక్ కేసుగా 2004లో తీర్పు వచ్చింది. సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేస్తూ, గోప్యత మనిషిని అంటి ఉంటుంది గాని చోటును కాదు అంది. కాగితం ఇంటి బీరువాలో ఉన్నా బ్యాంకు బీరువాలో ఉన్నా అది నీదే. బ్యాంకు కాగితాల గురించి చెప్పిన ఈ ముక్క పడకగదికీ వర్తిస్తుంది: నలుగురు ఉండే ఇంట్లో నాలుగు గోప్యతలు ఉంటాయి.

2005 గృహహింస చట్టం ఈ సంగతి పైకి అనకుండానే ఒప్పుకుంది. నాలుగు గోడల మధ్య జరిగేది బయటివాళ్లకు అనవసరం అనే మాటను పక్కన పెట్టి, కొట్టించుకుంటున్న ఆమెకే ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది, ఇల్లు ఆమె పేరున లేకపోయినా. కాని అన్ని చోట్లా ఇదే వరస కాదు. 18 ఏళ్లు దాటిన భార్యతో భర్త బలవంతం చేసినా అది అత్యాచారం కాదన్న మినహాయింపు, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోకీ చెక్కుచెదరకుండా వచ్చింది.

భార్యాభర్తల మధ్య ఫోను సంగతైతే ఇంకా తెగలేదు. భార్య తన వాళ్లతో మాట్లాడిన ఫోన్ కాల్స్‌ను భర్త చాటుగా రికార్డు చేసి విడాకుల కేసులో పెడితే, అది ఆమె గోప్యతకు భంగం, సాక్ష్యంగా తీసుకోం అని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఒకటి ఉంది, పుట్టస్వామి కేసుకు దాదాపు పదేళ్ల ముందుది. పంజాబ్ నుంచి వెళ్లిన ఇంకో కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, భార్యతో జరిగిన సంభాషణను భర్త చాటుగా రికార్డు చేసినా సాక్ష్యంగా తీసుకోవచ్చంది. మొగుడూ పెళ్లాలు ఒకరి మీద ఒకరు నిఘా పెట్టే దాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే విరిగినట్టు, రికార్డింగు వల్ల విరిగేది లేదన్నది కోర్టు తర్కం. తర్కం బాగానే ఉంది. కాకపోతే రేపు విడాకుల ఆలోచన లేని ఇంట్లోనూ, "ఎందుకైనా మంచిది" అని ఫోను రికార్డింగులో పెట్టుకుని మాట్లాడేవాళ్లు పెరగరా?

హాల్లో కెమెరా

అద్దె ఇళ్ల తంటాలు మరో రకం. నాన్‌వెజ్ వండకూడదు, రాత్రి పదయ్యాక ఎవరూ రాకూడదు, బ్యాచిలర్స్ అయితే అసలే వద్దు. చెప్పాపెట్టకుండా లోపలికొచ్చి "ట్యాంకు చూద్దామని" అనే ఓనరు దగ్గర నేనూ రెండేళ్లు ఉన్నాను. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలంటుంది. నమూనా కాబట్టి రాష్ట్రం దాన్ని చట్టం చేసుకుంటే తప్ప నా ఓనరుకు అది వర్తించదు.

ప్రభుత్వమూ ఇంట్లోకి వస్తూనే ఉంటుంది, లాఠీతో కాదు, పథకంతో. 2014 ఆగస్టు 19న తెలంగాణ మొత్తం ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపినప్పుడు, పేరు లేకపోతే రేషను పోతుందేమో అన్న భయంతో జనం బస్సులు పట్టుకుని ఊళ్లకు పరిగెత్తారు. 2019 నుంచి కొన్నేళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 50 ఇళ్లకో వలంటీరు ఉండేవారు. ఆ వివరాలన్నీ ఎటు పోతాయని అడిగినవాళ్లు ఉన్నారు. ఒకటో తారీఖు పొద్దున్నే గడపలోకి పింఛను తెచ్చిన పిల్లను చూసి సంతోషించిన ముసలమ్మలూ ఉన్నారు. ఆ ముసలమ్మలకు గోప్యత విలువ తెలియదని అనలేం. క్యూలో నిలబడి ఊరందరి ముందూ చెయ్యి చాపే బాధ తప్పడం కూడా గోప్యతే.

వ్యక్తుల వివరాల రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఒక మనిషి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే వివరాలకు అది వర్తించదు. అంటే మొగుడు, అన్న, కొడుకు పెట్టే కెమెరా చాలావరకు దాని పరిధిలోకి రాదు. ఆ ఖాళీలోకి కోర్టులే రావాల్సి వస్తోంది. కోల్‌కతాలో ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ములిద్దరిలో ఒకరు లోపలి భాగంలో కెమెరాలు పెడితే, ఇంకొకరి అనుమతి లేకుండా కుదరదని అక్కడి హైకోర్టు 2025లో చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని కదపలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. అబ్బాయి డల్లాస్‌లో. అమ్మ పడిపోతే ఎలా అన్న టెన్షన్‌తో పోయినసారి వచ్చినప్పుడు హాల్లో టీవీ పైన చిన్న కెమెరా బిగించి వెళ్లాడు. ప్రేమతోనే. ఆవిడా కాదనలేదు. మధ్యాహ్నం పక్కింటావిడ కబుర్లకు వచ్చినప్పుడు మాత్రం ఒక తువ్వాలు తీసుకెళ్లి దాని మీద ఆరేస్తారు. ఓసారి నేను అక్కడ ఉండగానే ఫోను మోగింది.

"ఏంటమ్మా, కెమెరా కనపడట్లేదు?"

"కరెంటు లేదురా," అన్నారావిడ, నెత్తిన ఫ్యాను తిరుగుతుండగా.